కళ్ళకద్దుకున్న చీర

నాకు పాట రాదు. స్నానాలగదిలో కూడా రాదు. అయినా ఏడాదికోసారి అడవి అంచున ఉన్న ఒక అమ్మవారి గుడి ముందు నిలబడి పాడుతుంటాను. అది వేలంపాట. అక్కడ శ్రుతి ఎవరూ అడగరు, ధర అడుగుతారు.

గుడి పేరు చెప్పను. అమ్మవారికి నాతో పేచీ లేదు, నాకూ ఆమెతో లేదు. పేచీ అంతా మా ఇద్దరి మధ్యా ఉన్న మైకుతో. పాల్వంచలో బస్సెక్కి, పినపాక దారిలో దిగి, ఆటోలో టేకుచెట్ల మధ్యగా కొంత దూరం పోతే వస్తుందని మాత్రం చెప్పగలను. జాతరకు వచ్చిన జనం మొక్కు చీరలు సమర్పిస్తారు. అమ్మవారు ఒక్కరే, చీరలు గదినిండా. అందుకని జాతర అయ్యాక శుక్రవారాల్లో వాటిని వేలం వేస్తారు. మణుగూరు నుంచి వచ్చే బట్టల వ్యాపారులు మూటల లెక్కన పాడతారు. మాలాంటివాళ్ళు ఒక్క చీర పాడుకుని, అమ్మవారి చీర అని నెత్తిన పెట్టుకుని పోతారు.

ఆ ఒక్క చీర మా ఆవిడ ప్రతి ఏడూ తన అక్క కోసం కొనేది. అక్క తల్లాడలో ఉంటుంది, వ్యవసాయ కుటుంబం. తల్లి లేని చెల్లెలికి జడలు వేసి, బడికి పంపి, పెళ్ళి చేసి పంపిన అక్క. ఆ చీర వాళ్ళిద్దరి మధ్యా నడిచే వ్యవహారం. నా పాత్ర సంచి పట్టుకోవడం. పాట కూడా ఆవిడే పాడేది, నేను తాళం వేసినట్టు తల ఊపేవాణ్ణి.

మా ఆవిడ పోయాక సంచి నా చేతిలోనే మిగిలింది. చీర పంపడం ఆగిపోతే తల్లాడతో చుట్టరికం కూడా ఆగిపోతుందేమోనని భయం వేసింది. అప్పటినుంచి పాట నేనే పాడుతున్నాను. మాకు పిల్లలు లేరు. రిటైరయ్యాక బొగ్గు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఒక కిరాయి ఇంట్లో ఉంటున్నాను. నన్ను పేరు పెట్టి కాకుండా వరస పెట్టి పిలిచే మనిషి ఈ భూమ్మీద తల్లాడ వదిన ఒక్కతే. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసేది. "తిన్నవా మరిదీ? ఏం కూర?" అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు ఉండాలని ఆదివారం మాత్రం కూర వండేవాణ్ణి. మిగతా వారమంతా పచ్చడే. పచ్చడిని ఎవరూ ఏం కూర అని అడగరు.

ఈ ఏడాది జాతర తర్వాత ఒక శుక్రవారం గుడికి పోయాను. మైకాయన భుజాన తువ్వాలు వేసుకున్న భారీ మనిషి, గొంతు మనిషి కంటే భారీ. తాంబాళంలో మడత చీర పెట్టి పైకెత్తాడు.

"అమ్మవారు గట్టిన చీర! పట్టు చీర! ఎర్రది, పచ్చంచు! సూడుండ్రి, కండ్లకద్దుకోండ్రి, పాడుండ్రి!"

అక్కడి పద్ధతి అది. పాటకు ముందు తాంబాళం మొదటి వరసలో తిరుగుతుంది. అందరూ చీరను కళ్ళకద్దుకుంటారు. ఎవరూ విప్పరు. పులిహోర ప్రసాదం తింటూ ఉప్పు తక్కువైందని అనం కదా, అమ్మవారి చీరను విప్పి చూడటం కూడా అలాంటి పాపమే. నేనూ కళ్ళకద్దుకున్నాను. కళ్ళకు అంత దగ్గరగా వచ్చిన వస్తువును నేను చూడకుండా వదిలేది అక్కడ ఒక్కచోటే. ఉద్యోగమంతా బొగ్గు శాంపిల్ తీసే సెక్షన్లో చేశాను. ఏ వ్యాగన్ వచ్చినా, ఏ గ్రేడని రాసి ఉన్నా, కడుపులోంచి గుప్పెడు తవ్వి తీసి పరీక్ష పెట్టందే నమ్మేవాళ్ళం కాదు. వ్యాగన్ను నమ్మని వాణ్ణి మైకును నమ్మాను.

మణుగూరు వ్యాపారి ఒకాయన నాతో కొంతసేపు పాడి, "పెద్దాయన పట్టుమీదున్నడు, వదిలెయ్" అని పక్కాయనతో అని ఊరుకున్నాడు. పట్టు చీర మీద నా పట్టు గెలిచింది. ఇంటికి తెచ్చి, ఏ చీరో, ఎంత ధరో గుడివాళ్ళు రాసి పిన్నీసుతో గుచ్చిన చీటీ తీసి చింపేశాను. మా ఆవిడ అలాగే చేసేది, కానుకకు చీటీ ఉండకూడదని. పసుపు, కుంకుమ పొట్లాలు పెట్టి బస్సు పార్సిల్లో తల్లాడ పంపాను.

ఆ ఆదివారం కూర పొయ్యి మీద ఉండగానే ఫోన్ వచ్చింది.

"మరిదీ, చీర వచ్చింది."

"నచ్చిందా వదినా?"

"నాకేమో గని ఇస్త్రీపెట్టెకు బాగా నచ్చింది. ఇడిసిపెడ్తలేదు."

నేను నవ్వాను. అవతల నవ్వు లేదు.

"ఫాల్ కుట్టిచ్చి ఇస్త్రీకిస్తె, పెట్టె ఆనంగనే కరిగి ముద్దయి అంటుకున్నది. పట్టు గిట్ల కరుగుతదా మరిదీ?"

"గుడిలో పాడిందే వదినా. మైకులో పట్టు అనే చెప్పారు."

"సూడు. కుదరలేదంటే కుదరలేదను. ఈ ఏడు పోలేదను. నేనేమన్న అంటనా? అమ్మవారి పేరు చెప్పి బజారు చీర పంపుడేంది? నా చెల్లె ఉంటె గిట్లయితుండెనా?"

ఫోన్ పెట్టేసింది. కూర మాడింది.

చీర నాసిరకమని అన్నా బాధపడేవాణ్ణి కాదు. అమ్మవారి పేరు మీద అబద్ధం చెప్పానంది. మా వైపు అంతకంటే పెద్ద మాట లేదు. దొంగతనం చేశాడన్నా దానికంటే నయం. పై ఆదివారం బీరకాయ వండుకుని కూర్చున్నాను. ఫోన్ మోగలేదు. సాయంత్రానికి బీరకాయ మిగిలింది, నేనూ మిగిలాను. ఆ పై వారం నేనే చేస్తే "పనున్నది" అంది. రైతు ఇంట్లో పనుండటం అబద్ధం కాదు. కానీ అన్నేళ్ళుగా ఆ పని మధ్యలోనే నాకు ఫోన్ చేసేది.

గుడి ఆఫీసుకు పోయాను. ఆఫీసరు చిన్న వయసువాడే, మర్యాదగా కూర్చోబెట్టాడు, నేను చెప్పిందంతా విన్నాడు. విని గోడ మీది బోర్డు చూపించాడు. "వేలం వస్తువులు ఉన్నవి ఉన్నట్టుగా అమ్మబడును. పాట ముగిసిన పిదప వాపసు లేదు."

"చీర తెచ్చిండ్రా సార్?"

"తల్లాడలో ఉంది."

"చీటీ?"

"చింపేశాను."

"మరి నేనేం సూడాలె సార్? మీ మొఖమా?"

"అదీ ఉన్నది ఉన్నట్టుగానే ఉంది బాబూ."

నవ్వాడు గాని బోర్డు కదల్లేదు.

నాతో షిఫ్టు బస్సులో తిరిగి, మధ్యలో ఉద్యోగం మానేసి లా చదువుకున్న స్నేహితుడు ఒకడు కొత్తగూడెంలో ప్రాక్టీసు చేస్తున్నాడు. మిక్చరు కొట్టు మీది అంతస్తులో ఆఫీసు. అక్కడ న్యాయం కూడా కొంచెం వేరుశనగల వాసన వేస్తుంది. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఉన్నది ఉన్నట్టు అంటె ఏందో ఎరుకేనా? చిరుగున్నా, మరకున్నా, రంగు ఎలిసినా నీ ఖర్మ అని. సూస్తె కనపడేటియి అన్నట్టు. గని పట్టని చెప్పి పట్టు గానిది చేతుల పెడితె అది ఉన్నది ఉన్నట్టు ఎట్లయితది? లేనిది ఉన్నట్టు. ఫలానాదని చెప్పి అమ్మితె అది ఫలానాదే గావాలె. దుకాణమైనా గంతే, పాటైనా గంతే. మైకుల చెప్పినా చెప్పినట్టే."

"అయితే నాదే గెలుపా?"

"ఆగు. నువ్వేం జేసినవో చెప్పు." వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. "చీటీ చింపినవ్. చీర వేరేటోళ్ళకిచ్చినవ్. కుట్టిచ్చి కాల్పిచ్చినవ్. తెలిసినంక కూడ ఊకున్నవ్. కొన్నోడు ఏమేం జెయ్యొద్దో అన్నీ జేసినవ్ రా. నిన్ను నిలబెట్టి క్లాసు చెప్పొచ్చు."

"వినియోగదారుల కమిషన్?"

"పోవచ్చు. గుడి వేలం యాపారమా కాదా, నువ్వు గిరాకివా భక్తుడివా అని ముందు గది తేల్చాలంటరు. అది తేలేసరికి మీ వదినె కోపం కూడ ముసలిదైతది. ముందుగాల చీర తెచ్చుకో. కాలింది కాలినట్టే సూపియ్యి, దాచకు. కాయితం రాసిచ్చి, అందినట్టు సంతకం తీస్కో. పైసలన్నా వాపసియ్యమను, లేకుంటె అసలు పట్టుదన్నా ఇయ్యమను. అడిగే హక్కు నీకున్నది."

"నాకు పైసలొద్దురా."

"మరేం గావాలె?"

"మా వదిన ఫోన్."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నన్ను కాసేపు చూశాడు. "దానికి సెక్షన్ లేదు," అన్నాడు. ఫీజు తీసుకోలేదు. కింద కొట్టులో మిక్చరు పొట్లం కట్టించి ఇచ్చాడు.

తల్లాడ పోయాను. వాకిట్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఆ ఘాటుకు కళ్ళు మండాయి. కళ్ళలో నీళ్ళకు ఒక సాకు దొరికింది. వదిన రమ్మంది, కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. టీ పెట్టలేదు. ఆ ఇంట్లో నాకు టీ ఇవ్వకుండా నీళ్ళతో సరిపెట్టడం అంతకుముందు లేదు. కేసు ఏ దశలో ఉందో నాకు అర్థమైంది. చీర ఉన్న కవరు తెచ్చి అరుగు మీద పెట్టింది.

"వాపసిస్తె పైసలొస్తయా?"

"పైసల కోసం కాదు వదినా."

"మరెందుకు?"

నీ ఫోన్ కోసం అని ఈ వయసులో ఒక మరిది వదినతో ఎలా చెప్పాలి? "న్యాయం కోసం" అన్నాను. ఆ మాట నా నోట్లో పెద్ద సైజు చొక్కాలా వేలాడింది.

"న్యాయమట," అంది వదిన, మిరపకాయలతో.

బస్సులో కవరు విప్పి చూశాను. కొంగు దగ్గర ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో ఒక రంధ్రం, చుట్టూ గట్టిపడిన అంచు. పక్క సీటావిడ చూసి "అయ్యో, కొత్త చీరనేనా?" అంది. "ఉన్నది ఉన్నట్టు" అన్నాను. పాపం, ఆవిడ ఆ తర్వాత కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఈసారి ఆఫీసరు చీర పట్టుకుని చూశాడు. ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించాడు. పోగు ముడుచుకుని చిన్న నల్లపూసలా గడ్డకట్టింది. అసలు పట్టయితే జుట్టు కాలిన వాసన వేసి, నలిపితే బూడిద కావాలట. మైకాయనను పిలిపించాడు.

"పట్టని ఎందుకన్నవే?"

"దాత పట్టనే ఇచ్చిండు సార్. చీటీ మీద అదే రాసినం."

"ఇప్పి సూసిండ్రా?" అన్నాడు ఆఫీసరు.

మైకాయన నొచ్చుకున్నాడు. "అమ్మవారికి తెచ్చిన చీరను ఇప్పి సూస్తమా సార్? కండ్లకద్దుకొని లోపల వెట్టినం."

ఆ చీర నడిచిన దారి నాకు కనపడింది. అంగడివాడు పట్టని చెప్తే దాత కళ్ళకద్దుకున్నాడు. దాత చెప్తే పూజారి కళ్ళకద్దుకుని అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు. అక్కణ్ణించి గుమాస్తా, తర్వాత మైకాయన, తర్వాత మొదటి వరస మొత్తం, చివరికి నేను. అన్ని జతల కళ్ళు తాకిన చీరను ఒక్క కన్నూ చూడలేదు. చూసింది ఇస్త్రీపెట్టె. దానికి భక్తి లేదు.

ఆఫీసరు మంచివాడే. "పైసలు వాపసిస్తం సార్. లేదంటె ఈ శుక్రవారం పాటల మీకు నచ్చింది ఒకటి తీస్కోండి, దీనికి బదులు."

న్యాయంగా నాకు రావలసింది అదే. స్నేహితుడు చెప్పిందీ అదే. సరే అని లేచి రావచ్చు. కానీ పైసలు పట్టుకుని తల్లాడ పోతే, ఎక్కడివో తెచ్చాడనే అనుకుంటుంది వదిన. వేరే చీర పంపితే ఈసారి మంచి దుకాణానికి పోయాడనుకుంటుంది.

"మైకులో చెప్పింది మైకులోనే తప్పని చెప్పండి," అన్నాను. "నాకింకేమీ వద్దు."

ఆఫీసరు ముఖం మారింది. "పైసలిస్తం గని మాట ఇయ్యం సార్. ఒక్కసారి తప్పని మైకుల అంటె, పోయినేడు కొన్నోళ్ళు, ఆపైనేడు కొన్నోళ్ళు మూటలు గట్టుకొని వస్తరు."

నేను తెచ్చిన కాగితం ఇచ్చాను. అందినట్టు సంతకం చేయడానికి ముందు చదివాడు. 'నాకు అమ్మిన చీర గురించి మీరు మైకులో పలికిన మాటను దయచేసి మైకులోనే సవరించగలరు' అని రాశాను. రెండోసారి చదివి, "గిట్లాంటి దరఖాస్తు నా సర్వీసుల సూడలే," అన్నాడు.

దారి దొరికింది మైకాయనకు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "తప్పని ఎందుకంటం సార్?" అన్నాడు. "జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్తం. బోర్డు మీద రాసిందే గదా."

ఆఫీసరు బోర్డు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత సంతకం పెట్టి, "బదులు చీర గూడ తీస్కోవాలె సార్," అన్నాడు.

శుక్రవారం నాడు క్యూ లైను ఇనుప కడ్డీ పక్కన, మైకు గొట్టానికి దగ్గరగా నిలబడి వదినకు ఫోన్ చేశాను.

"పనున్నది మరిదీ."

"నేను మాట్లాడను వదినా. మైకు మాట్లాడుతుంది. ఒక్క నిమిషం పెట్టెయ్యకు." ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, చెయ్యి చాపగలిగినంత పైకి చాపి గొట్టం వైపు పట్టాను. చుట్టుపక్కలవాళ్ళు నాకు పూనకం వచ్చిందేమోనని కొంచెం జరిగారు.

"భక్తులారా, ఒక మాట ఇనుండ్రి! మొన్నటి పాటల ఎర్ర చీర, పచ్చంచుది, పట్టని పాడినం. దాత పట్టన్నడు, మేం ఇప్పి సూడలే. అది పట్టు గాదని తేలింది. పాడుకున్న సారు గీడనే ఉన్నడు, గా ఫోన్ పట్టుకున్నాయన. ఆయన అబద్ధమాడలే. ఇయ్యాల్టి సంది దాత చెప్పింది మేం చెప్తం, మీరు ఇప్పి సూసుకొని పాడుండ్రి!"

"అమ్మవారి చీర ఇప్పుడేంది, కలికాలం గాకపోతె," అని వెనక ఒక ముసలమ్మ గొణిగింది. మణుగూరు వ్యాపారులు మాత్రం అప్పటికే ముందుకు జరిగారు.

ఫోన్ చెవికి పెట్టుకున్నాను. కట్ అయిందనుకున్నాను.

"ఆ మైకాయనకు జలుబు చేసినట్టున్నది," అంది వదిన.

"అవును వదినా."

తల్లాడలో ఎక్కడో ట్రాక్టరు పోతున్న చప్పుడు వినపడింది.

"నా చెల్లె చీరను కండ్లకద్దుకునేది సూసినవా ఎన్నడన్నా?"

"చూడకపోవడమేంటి? అందరికంటే ఎక్కువసేపు అద్దుకునేది. దాని భక్తి అలాంటిది."

"భక్తి గాదు," అంది వదిన. గొంతులో మొదటిసారి నవ్వు తగిలింది. "అంచును ఏళ్ళ నడుమ పెట్టి నలిపి సూసేది. పట్టయితె చేతికి తెలుస్తదని చిన్నప్పుడు నేనే నేర్పిన. ఒక ఏడు రెండు చీరలు కండ్లకద్దుకొని తాంబాళంల పెట్టేసి, మూడోది పాడింది. నువ్వేమో ఎనక సంచి పట్టుకొని తల వంచి మొక్కుకుంట నిలవడ్డవట. నవ్వాపుకోలేక సచ్చిన అని ఫోన్ల చెప్పింది."

అన్నేళ్ళు. ఆవిడ అలా కళ్ళు మూసుకుని నిలబడినప్పుడల్లా నేనూ వెనక తల వంచేవాణ్ణి. ఆవిడ ఏం కోరుకుంటోందో, అది ఇమ్మని నేనూ కోరుకునేవాణ్ణి. ఆవిడ కోరుకున్నది కల్తీ లేని పట్టు.

"నా కోపం చీర మీద గాదు మరిదీ," అంది వదిన. తర్వాత కొంచెం తగ్గి, "అది పోయినంక నాకు వచ్చేదాన్ని నలిపి సూసేటోళ్ళు ఎవరున్నరనుకున్న. గంతే."

ఇటు పాట మొదలైంది, మైకు గొట్టానికి కొంచెం దూరంగా జరిగి ఫోన్ గట్టిగా చెవికి ఆనించాను.

"వేరేది ఇస్తున్నరా?" అంది.

"ఇస్తున్నారు."

"మరి ఇప్పి సూడు. మొత్తం. చిరుగో మరకో ఉంటె ఈసారి నీ ఖర్మే."

మా స్నేహితుడు చెప్పిన చట్టమే చెప్పింది, లా చదవకుండా. ఫోన్ జేబులో పెట్టి, తాంబాళాల్లోంచి వంగపండు రంగుది ఒకటి తీసుకున్నాను. అంచు వేళ్ళ మధ్య పెట్టి నలిపాను. ఏమీ తెలియలేదు, ఆ చదువు నాకు నేర్పినవాళ్ళు లేరు. మైకాయన ఒక పోగు లాగి కాల్చి చూపించాడు. జుట్టు కాలిన వాసన వచ్చింది, నలిపితే బూడిదైంది. ఇక విప్పి చూడటమే మిగిలింది.

చీర విప్పడానికి ఇద్దరు కావాలని నాకు అప్పుడు తెలిసింది. చేతులు బార్లా చాపినా కొంతే వస్తుంది, మిగిలింది నేల మీద పడుతుంది. అమ్మవారి చీర నేల తాకకూడదు. చుట్టూ చూశాను. అందరూ ఎవరి జతతో వాళ్ళు ఉన్నారు. తల్లీకూతుళ్ళు, అత్తాకోడళ్ళు, ఇద్దరు తోడికోడళ్ళు, రెండు కొసలూ పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నారు. నేను ఒక కొసను క్యూ లైను కడ్డీకి ముడేసి, రెండో కొస పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోయాను. చీర మొత్తం తెరుచుకుంది. ఎండ దాని గుండా వచ్చింది. మరక లేదు, చిరుగు లేదు.

ఫోన్ మోగింది. "సూసినవా?"

"చూశాను వదినా. బాగుంది."

"అవతలి కొస ఎవరు పట్టుకున్నరు?"

"క్యూ లైను కడ్డీ."

"జాగర్త," అంది వదిన, "తుప్పు అంటుతది."

ముడి విప్పి మడత పెట్టడానికి కూర్చున్నాను. ఎంత పెట్టినా ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. మైకాయన "ఇటియ్యండి సార్, ఆడోళ్ళతోటి మడత పెట్టిపిస్త," అన్నాడు. వద్దన్నాను. పసుపు, కుంకుమ పొట్లాలు పెట్టి అలాగే కట్టి, ఆ వంకర మడతతోనే తల్లాడ బస్సులో వేయించాను. చూడగానే వదినకు తెలుస్తుంది, విప్పి చూశానని. ఒక్కణ్ణే చూశానని కూడా.